కెమెరా విప్పాలా, లెక్కతో సరిదిద్దాలా? గాలి కాలుష్యాన్ని కొలిచే ఉపగ్రహ పరికరం తయారీలో ఒక కేసు

ఉపగ్రహం మీద నుంచి గాలి కాలుష్యాన్ని కొలిచే ఒక స్పెక్ట్రోమీటర్ (వెలుగును రంగులుగా విడదీసి కొలిచే పరికరం) తయారీకి నేను ప్రాజెక్ట్ మేనేజర్‌గా పనిచేశాను. పరికరం దాదాపు పూర్తయి చివరి క్యాలిబ్రేషన్ (కొలతల్ని సరిచూసి సర్దే పని) జరుగుతున్నప్పుడు అందులో ఒక లోపం బయటపడింది. అప్పుడు మా ముందున్న దారులేమిటో, ఒకదాన్ని వదిలి ఇంకొకదాన్ని ఎందుకు పట్టుకున్నామో రాసిపెడితే ఈ రంగంలో పనిచేసేవాళ్లకు ఉపయోగపడుతుందని నా నమ్మకం. దేశం, సంస్థలు, తేదీలు, పరికరాన్ని పట్టిచ్చే కొలతలు వదిలేశాను. అవసరమైన చోట నిష్పత్తులు మాత్రమే ఇస్తున్నాను.

నేపథ్యం

వాహనాల పొగలోనూ బొగ్గు విద్యుత్ కేంద్రాల చిమ్నీల్లోనూ పుట్టే నైట్రోజన్ డయాక్సైడ్‌ను పైనుంచి కొలవడం కొత్తేమీ కాదు. 2004లో వెళ్లిన ఓఎంఐ, 2017 అక్టోబరులో వెళ్లిన ట్రోపోమీ, 2020లో దక్షిణ కొరియా పంపిన జెమ్స్, 2023లో అమెరికా పంపిన టెంపో, ఈ ఉపగ్రహ పరికరాలన్నీ ఒకే సూత్రం మీద నడుస్తాయి. ఎండ గాలిలోంచి దిగి, నేలను తాకి, మళ్లీ పైకి వెళ్తుంది. ఆ దారిలో ఒక్కో వాయువు కొన్ని రంగుల్ని కొద్దిగా తినేస్తుంది. తిరిగొచ్చిన వెలుగును సన్నగా విడదీసి ఎక్కడ ఎంత తగ్గిందో చూస్తే ఏ వాయువు ఎంత ఉందో తెలుస్తుంది.

ఆ తగ్గుదల చాలా చిన్నది. నైట్రోజన్ డయాక్సైడ్ కోసం సాధారణంగా 405 నుంచి 465 నానోమీటర్ల మధ్య నీలి వెలుగును చూస్తారు. ఓ మాదిరి కాలుష్యం ఉన్న నగరం మీద కూడా ఈ వాయువు మింగే వెలుగు నూటికి ఒక వంతు లోపే ఉంటుంది. శుభ్రమైన గాలిలో అయితే అది వెయ్యికి ఒకటో రెండో వంతులు. కాబట్టి పరికరంలో వెయ్యో వంతు లోపం ఉన్నా అది కాలుష్యం వేషంలో డేటాలోకి దూరగలదు.

సల్ఫర్ డయాక్సైడ్ కోసం ఇంకా కిందికి, 312 నుంచి 326 నానోమీటర్ల దాకా దిగాలి. అక్కడ మరో చిక్కు ఉంది. ఓజోన్ అతినీల (అతినీలలోహిత) వెలుగును పీల్చేస్తుంది కాబట్టి 300 నానోమీటర్ల దగ్గర పరికరానికి చేరే వెలుగు, 340 దగ్గర చేరేదానితో పోలిస్తే వందో వంతు స్థాయిలో ఉంటుంది. ఈ కేసు మొత్తం ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

మా పరికరంలో రెండు ఛానళ్లు: ఒకటి అతినీలం, ఒకటి దృశ్య కాంతి. రెండింటికీ టెలిస్కోపు, వెలుగు లోపలికి వచ్చే సన్నని చీలిక ఒకటే, కెమెరాలు మాత్రం వేరు. అతినీల కెమెరాను విడి మాడ్యూల్‌గా పిన్నులు, బోల్టులతో బిగించారు. దృశ్య కాంతి కెమెరాను ఆప్టికల్ బెంచీకే (భాగాలన్నిటినీ మోసే పీఠానికే) అతికించారు, దాన్ని తీయాలంటే పరికరం మొత్తం విప్పాలి. ఆప్టిక్స్ (వెలుగును నడిపించే భాగాలు) ఒక కంపెనీ నుంచి, ఆ వెలుగును పట్టి కొలిచే డిటెక్టర్లు ఇంకో కంపెనీ నుంచి వచ్చాయి. కూర్పు, క్యాలిబ్రేషన్ మావి.

మమ్మల్ని మోసుకెళ్లేది వేరే పని కోసం కట్టిన పెద్ద ఉపగ్రహం. టెంపో విషయంలో పరికరం 2018 నాటికే సిద్ధమై తనకు చోటిచ్చే ఉపగ్రహం కోసం వేచి ఉంది. మా పరిస్థితి అందుకు పూర్తిగా తిరగబడింది. మేము ఆలస్యమైతే మా స్థానంలో అంతే బరువున్న డమ్మీ పెట్టి ఎగిరిపోతామని ఒప్పందంలోనే రాసి ఉంది.

సమస్య

అంతరిక్షంలోలాంటి శూన్యం, ఉష్ణోగ్రత ఉండే థర్మల్ వ్యాక్యూమ్ ఛాంబర్‌లో డిటెక్టర్లను చల్లబరిచి, చీలికలో ఒక చిన్న భాగం మీద మాత్రం ఒకే రంగు వెలుగు వేశాం. డిటెక్టర్ మీద ఒక్క చుక్కే కనిపించాలి. చుక్క కనిపించింది. దానికి ఎదురుగా, అద్దంలో ప్రతిబింబంలాగా, మసకగా ఇంకో మచ్చ కూడా ఉంది. మామూలు స్కేలులో చూస్తే ఏమీ తెలియదు. టెస్ట్ టీమ్‌లోని ఒక ఇంజినీరు చాలా చిన్న విలువలూ కనిపించే లాగరిథమిక్ స్కేలులో బొమ్మ వేసి చూడటం వల్ల బయటపడింది. మేము దీన్ని ఘోస్ట్ అంటాం. లోపల ఏవో రెండు తలాల మధ్య వెలుగు ఎగిరిపడి తప్పు చోట దిగడం వల్ల ఇది వస్తుంది.

ఘోస్ట్ బలం, అసలు చుక్కతో పోలిస్తే, రెండు ఛానళ్లలోనూ దాదాపు ఒకటే. ప్రభావం మాత్రం ఒకటి కాదు. అతినీల ఛానల్‌లో 340 దగ్గరి బలమైన వెలుగు తాలూకు ఘోస్ట్ సరిగ్గా బలహీనమైన చివర మీద పడుతోంది. అక్కడ ఘోస్ట్ అసలు సిగ్నల్‌తో పోటీ పడే స్థాయిలో ఉంది.

దృశ్య కాంతి ఛానల్‌లో బాధ మేఘాలతో వచ్చింది. నీలి వెలుగులో నేల నూటికి ఐదు, పది వంతులు తిప్పి పంపితే, దట్టమైన మేఘం డెబ్బై, ఎనభై వంతులు పంపుతుంది. డిటెక్టర్‌కు ఒక పక్క మేఘం, రెండో పక్క తేటగా ఉన్న నగరం ఉంటే, మేఘం ఘోస్ట్ నగరం మీద పడుతుంది. పైగా అది మేఘం పైనుంచి వచ్చిన వెలుగు. కింద పేరుకున్న కాలుష్యం జాడ అందులో తక్కువ. అది నగరం వెలుగుతో కలిస్తే నగరంలో నైట్రోజన్ డయాక్సైడ్ ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టింది ఇదే. మురికి గాలి పీలుస్తున్నవాళ్లకు మీ గాలి బాగానే ఉందని చెప్పే పరికరాన్ని పైకి పంపకూడదు.

ముందు తేల్చుకోవాల్సింది

ఘోస్ట్ పరికరంలో ఉందా, పరీక్ష ఏర్పాట్లలో ఉందా? ఛాంబర్ కిటికీ మందపాటి గాజు. దాని రెండు ముఖాల మధ్య వెలుగు ఎగిరిపడినా ఇలాంటి మచ్చే వస్తుంది. షెడ్యూలు చూసేవాళ్లు, మిగతా క్యాలిబ్రేషన్ ముందు కానిచ్చి దీని సంగతి తర్వాత చూద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఫ్లైట్ పరికరాన్ని, అంటే నిజంగా పైకి వెళ్లేదాన్ని, విప్పడం వెనక్కి తీసుకోలేని పని. కిటికీ తప్పుకు పరికరాన్ని విప్పితే అంతకన్నా నష్టం ఉండదు. పరికరంలోనే తప్పు ఉంటే, ఈలోపు తీసే ప్రతి కొలతనూ మళ్లీ తీయాల్సి రావచ్చు.

కదిపే వీలున్న ఊయల లాంటి స్టాండు మీదున్న పరికరాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ వెలుగు పడే కోణం మార్చాం. కిటికీ వల్ల వచ్చేదైతే ఘోస్ట్ కదిలే తీరు వేరేగా ఉండాలి. అది ప్రతిసారీ అసలు చుక్కకు ప్రతిబింబంగానే కదిలింది. తప్పు లోపలే ఉంది.

ఆప్టిక్స్ కంపెనీ కంప్యూటర్ నమూనాలో మాత్రం ఘోస్ట్ లేదు. ఎందుకు లేదో వెతికితే డిటెక్టర్ దగ్గర దొరికింది. నమూనాలో డిటెక్టర్ తిప్పి కొట్టే వెలుగుకు ఛానల్ మొత్తానికీ కలిపి ఒక సగటు విలువ వాడారు. పూత లేని సిలికాన్ 300 నానోమీటర్ల దగ్గర తన మీద పడిన వెలుగులో సగానికి పైగా తిప్పి కొడుతుంది. పూత దాన్ని బాగా తగ్గిస్తుంది, కానీ అన్ని రంగులకూ సమానంగా కాదు. ఛానల్ అంచుల దగ్గర సగటుకన్నా చాలా ఎక్కువ వెలుగు వెనక్కి వస్తోంది. అది ముందున్న ఫిల్టర్ దాకా వెళ్లి మళ్లీ డిటెక్టర్ మీదికి దిగుతోంది. ఫిల్టర్, డిటెక్టర్ ఒకదానికొకటి సమాంతరంగా ఉండటం వల్ల ఆ ప్రతిబింబం చక్కగా ఫోకస్ అవుతోంది.

పని చెయ్యనివి

ముందుగా బాఫిల్ ప్రయత్నించాం. కెమెరా విప్పకుండానే చేయి పెట్టగలిగే ఒక సందు ఉంది, అందులో నల్లటి పలుచని అడ్డు తగిలించాం. చెదురుమదురు వెలుగు కొంత తగ్గింది, ఘోస్ట్ మాత్రం కదల్లేదు. అసలు వెలుగు నడిచే దారిలోనే ఘోస్టూ నడుస్తోంది కాబట్టి దాన్ని ఆపాలంటే అసలు వెలుగునూ ఆపాలి. ఇది ముందే ఊహించాం. అయినా చేయడానికి కారణం ఉంది: ఖర్చు లేదు, ప్రమాదం లేదు. ఫలితం ఎలా వచ్చినా రివ్యూ బోర్డు ముందు ఆ ప్రశ్న మళ్లీ లేవదు.

తర్వాత సాఫ్ట్‌వేర్‌లో సులువైన దిద్దుబాటు చేశాం. ప్రతి చోటా ఒకే నిష్పత్తిలో ఘోస్ట్ ఉందనుకుని తీసేశాం. ఒకే మాదిరిగా వెలిగే దృశ్యం మీద ఫలితం బాగుంది. రిట్రీవల్ శాస్త్రవేత్తలు (వెలుగు కొలతల నుంచి వాయువు ఎంతో లెక్కగట్టేవాళ్లు) మేఘాలు, నగరాలు కలిసిన కృత్రిమ దృశ్యాలు ఇచ్చాక అది పనికిరాలేదు. మేఘం అంచుల వెంట నైట్రోజన్ డయాక్సైడ్ మ్యాపులో చారలు వచ్చాయి. ఘోస్ట్ బలం రంగును బట్టీ చోటును బట్టీ మారుతోంది.

మూడోది సాంకేతికం కాదు. పద్ధతి ప్రకారం మా కాంట్రాక్టు విభాగం ఆప్టిక్స్ కంపెనీకి లోపం గురించి నోటీసు పంపింది. ఆ మర్నాటి నుంచి వాళ్ల ఇంజినీర్లు మాతో మాట్లాడటం మానేశారు. ప్రతి ప్రశ్నా వాళ్ల లాయర్ల మీదుగా వెళ్లి రావాల్సొచ్చింది. ఫిల్టర్‌కు పూత వేసినప్పుడు అదే పూత పడేలా పక్కన పెట్టిన సాక్షి గాజు ముక్కల కొలతలు మాకు అత్యవసరం. అవి వాళ్ల దగ్గరే ఆగిపోయాయి. వాళ్లను తప్పుబట్టలేను. తప్పు మీదే అన్న కాగితం చేతికొచ్చాక ఎవరైనా నోరు కట్టుకుంటారు.

దీన్ని విడదీయడానికి రెండు సంస్థల పెద్దలతో మాట్లాడి రెండు బల్లలు వేశాం. కారణం వెతికే బల్ల దగ్గర ఇంజినీర్లు మాత్రమే కూర్చుంటారు, అక్కడ చెప్పిన మాట గానీ ఇచ్చిన డేటా గానీ డబ్బు వివాదంలో వాడకూడదు. డబ్బు సంగతి రెండో బల్ల మీద, పరికరం వెళ్లిపోయాక. ఇది రాతపూర్వకంగా ఖాయమయ్యాక సాక్షి ముక్కల డేటా వచ్చింది. దాన్ని నమూనాలో పెడితే ఘోస్ట్ మా కొలతలకు దగ్గరగా, అదే చోట ప్రత్యక్షమైంది. ప్రాజెక్టు మళ్లీ కదిలింది అక్కడి నుంచే.

నిర్ణయం

టీమ్ రెండు పక్షాలుగా చీలింది. ఆప్టిక్స్ వాళ్లు రెండు కెమెరాల్లోనూ ఫిల్టర్ మార్చి కొద్దిగా వాల్చి పెడదామన్నారు. సాఫ్ట్‌వేర్ వాళ్లు దేన్నీ ముట్టుకోవద్దు, బాగా కొలిచి లెక్కతో తీసేద్దామన్నారు. ఇద్దరి వాదనలోనూ బలం ఉంది. పైకి వెళ్లాక రిపేరు ఉండదన్నది ఒక వైపు. 2007 నుంచి ఓఎంఐ చూపులో కొంత భాగానికి అడ్డు పడటం మొదలైంది. ఆ వరుసల డేటాను పక్కన పెట్టి మిగతాదాన్ని ఏళ్ల తరబడి వాడుకోవాల్సి వచ్చింది. ఫ్లైట్ పరికరాన్ని విప్పితే అలైన్‌మెంట్, శుభ్రత, క్యాలిబ్రేషన్ అన్నీ మళ్లీ మొదటికి వస్తాయన్నది ఇంకో వైపు.

నేను ఇరుపక్షాలనూ అడిగింది ఒకటే: మీ దారిలో వెళ్తే నైట్రోజన్ డయాక్సైడ్‌లో, సల్ఫర్ డయాక్సైడ్‌లో మిగిలే తప్పు ఎంత? ఘోస్ట్ ఎంత శాతం అని కాదు, వాయువులో ఎంత అని. రిట్రీవల్ శాస్త్రవేత్తల్ని రోజువారీ మీటింగుల్లో కూర్చోబెట్టాం. హార్డ్‌వేర్ వివాదాల్లోకి వాళ్లను పిలవడం అప్పటివరకూ ఆనవాయితీ కాదు.

లెక్క తేలాక రెండు ఛానళ్లకూ ఒకే జవాబు లేదని స్పష్టమైంది.

దృశ్య కాంతి ఛానల్‌లో అసలు సిగ్నల్ బలంగా ఉంది. ఘోస్ట్‌ను రంగు రంగుకూ, చోటు చోటుకూ కొలిచి తీసేస్తే మిగిలేది తట్టుకోగలిగినంతే. ఈ దారి కొత్తది కూడా కాదు. ట్రోపోమీ షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ భాగంలో స్ట్రే లైట్‌ను (దారి తప్పి డిటెక్టర్ మీద పడే వెలుగును) నేల మీదే లేజర్‌తో కొలిచి, కక్ష్యలో ప్రతి కొలతలోంచీ లెక్కగట్టి తీసేస్తున్నారు. మా దృశ్య కెమెరాను విప్పడంలో ఉన్న ప్రమాదంతో పోలిస్తే లేజర్ క్యాలిబ్రేషన్ ఖర్చు చిన్నది.

అతినీల ఛానల్‌లో అది కుదరదు. ఘోస్ట్ సగటును లెక్కతో తీసేయవచ్చు, కానీ ఆ వెలుగు వెంట వచ్చిన ఫోటాన్ల నాయిస్‌ను (వెలుగు కణాల సంఖ్యలో సహజంగా వచ్చే క్రమం లేని హెచ్చుతగ్గుల్ని) తీసేయలేం. అసలు సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట ఆ నాయిస్ అలాగే మిగిలిపోతుంది. ఎంత మంచి సాఫ్ట్‌వేర్ రాసినా ఇది మారదు. సాఫ్ట్‌వేర్ టీమ్ పెద్దే బోర్డు ముందు ఈ మాట చెప్పారు. తన పక్షానికి వ్యతిరేకంగా ఆయన చెప్పిన ఆ మాటకు నాకు ఇప్పటికీ గౌరవం ఉంది.

మూడో దారి కూడా చూశాం: అతినీలంలో ఆ చివరను వదిలేసుకోవడం. 310కి దిగువ భాగమే అయితే వదిలేసేవాళ్లం, ఆ భాగం అవసరమయ్యే ఓజోన్ ప్రొఫైల్ (ఏ ఎత్తులో ఎంత ఓజోన్ ఉందన్న కొలత) మాకు తప్పనిసరి లక్ష్యం కాదు. కానీ ఘోస్ట్ సల్ఫర్ డయాక్సైడ్‌ను కొలిచే 312-326 నానోమీటర్ల భాగంలోకీ పాకింది. బొగ్గు మీద నడిచే దేశాలకు ఈ వాయువు ఎంత ముఖ్యమో తెలిసిందే. 2017లో ఓఎంఐ డేటాతో వచ్చిన ఒక అధ్యయనం, దీని విడుదలలో భారత్ చైనాను దాటుతోందని చూపింది. రామగుండం, సింహాద్రి లాంటి పెద్ద కేంద్రాల చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఈ కొలత అవసరమా కాదా అన్న చర్చే అక్కర్లేదు. వదులుకోవడం కుదరదని తేల్చాం.

అలా అతినీల కెమెరా విప్పి ఫిల్టర్ మార్చాలని, దృశ్య కెమెరాను ముట్టుకోకుండా లేజర్‌తో కొలిచి సరిదిద్దాలని నిర్ణయమైంది.

పని చేసింది

ఒకదాని తర్వాత ఒకటి చేస్తే రెండింటికీ సమయం చాలదు. అతినీల కెమెరా ఆప్టిక్స్ కంపెనీ దగ్గర ఉన్నంతకాలం మిగతా పరికరం ఖాళీగా ఉంటుంది కదా, ఆ సమయంలోనే దృశ్య ఛానల్ లేజర్ క్యాలిబ్రేషన్ చేసేద్దామని ప్రతిపాదించాను. థర్మల్ టీమ్ గట్టిగా అభ్యంతరం చెప్పింది. కెమెరా తీసేస్తే బెంచీ మీద వేడి పంపిణీ మారుతుంది, బెంచీ వంగుతుంది, అప్పుడు తీసిన కొలతలు అసలు పరికరానివి కావు. న్యాయమైన అభ్యంతరం. అందుకని కెమెరా స్థానంలో అంతే బరువుతో, అంతే వేడి వెదజల్లే హీటర్లతో ఒక డమ్మీ చేశాం. అసలు కెమెరా తిరిగొచ్చాక కొన్ని ఎంపిక చేసిన లేజర్ రంగుల్లో మళ్లీ కొలవాలని, తేడా ముందే రాసిపెట్టుకున్న హద్దు దాటితే క్యాలిబ్రేషన్ మొత్తం తిరిగి చేయాలని షరతు పెట్టుకున్నాం. హద్దును కొలతకు ముందే రాయడం ముఖ్యం. అంకె చూశాక హద్దు గీస్తే, అలసిపోయిన టీమ్ ఆ అంకెకు తగ్గట్టే గీస్తుంది. చివరికి తేడా హద్దులోపే ఉంది.

కెమెరా తెరవడంలో పెద్ద భయం ధూళికన్నా వాయు రూపంలో వచ్చి అంటుకునే పలుచని పొరలు. జిగుళ్లు, ప్లాస్టిక్కుల నుంచి వెలువడేవి చల్లటి డిటెక్టర్ మీద పేరుకుంటే ముందు దెబ్బతినేది అతినీల వెలుగే. అందుకే విప్పినంత సేపూ పక్కన సాక్షి గాజు ముక్కలు ఉంచి, రోజూ వాటిలోంచి అతినీల వెలుగు ఎంత పోతోందో కొలిచాం. బిగించాక బేకవుట్ చేశాం, అంటే వేడి చేసి అంటుకున్న ఆవిరుల్ని వెళ్లగొట్టాం.

ప్రయోగం కుదుపుల్ని పరికరం తట్టుకుంటుందో లేదో ఊపి చూసే వైబ్రేషన్ పరీక్ష విషయంలో క్వాలిటీ విభాగంతో చాలాసేపు వాదన జరిగింది. పరికరం మొత్తాన్ని మళ్లీ పూర్తి స్థాయిలో ఊపాలని వాళ్లు, వద్దని మేము. ప్రతి ఊపుడూ మారని భాగాల ఆయుష్షును కూడా కొంత తింటుంది. మార్చిన కెమెరాను విడిగా పూర్తి స్థాయిలో ఊపి, బిగించాక పరికరం మొత్తానికి తక్కువ స్థాయి సైన్ సర్వే (వేగం మారుస్తూ మెల్లగా ఊపి చూడటం) చేసి, పాత రిజొనెన్స్‌లతో, అంటే పరికరం ఎక్కువగా కంపించే వేగాలతో, పోల్చడానికి ఇద్దరం ఒప్పుకున్నాం. రిజొనెన్స్‌లు కదల్లేదు.

వాల్చిన ఫిల్టర్ వల్ల ఘోస్ట్ డిటెక్టర్ బయటికి పోయింది. ఫోకస్ కొద్దిగా జరిగింది, దానితో ప్రతి పిక్సెల్ ఏ రంగుల్ని ఎంత వెడల్పున చూస్తుందో మారింది. అతినీల ఛానల్ వరకు ఆ క్యాలిబ్రేషన్ మళ్లీ చేశాం. మా సమయపు మార్జిన్‌లో సగానికి పైగా ఈ ఒక్క సమస్యకే ఖర్చయింది. ఉపగ్రహం ఇచ్చిన గడువులోనే పరికరం అప్పగించాం.

కక్ష్యలోకి వెళ్లాక మేఘాల అంచుల పక్కనున్న నగరాల్ని ప్రత్యేకంగా ఏరి చూశాం. దిద్దుబాటు ఆపేసి చేసిన మ్యాపుల్లో చారలు కనిపించాయి, పెట్టి చేసినవాటిలో లేవు. ట్రోపోమీ దాదాపు అదే సమయంలో దాటిన చోట్ల పోల్చినా మేఘం అంచుల దగ్గర మాది తక్కువ చూపించే ధోరణి కనిపించలేదు.

తర్వాతి ప్రాజెక్టుల్లో మార్చుకున్నవి

డిటెక్టర్, ఫిల్టర్ పూతలు తిప్పి కొట్టే వెలుగును ఛానల్ అంచుల్లో, వేర్వేరు కోణాల్లో కొలిచి ఇవ్వాలని ఇప్పుడు కొనుగోలు పత్రంలోనే రాస్తున్నాం. సాక్షి ముక్కల కొలతలు కూడా సరఫరాలో భాగమే, అడిగి తెచ్చుకునేవి కావు. క్రిటికల్ డిజైన్ రివ్యూ (తయారీకి ముందు డిజైన్‌ను పూర్తిగా పరిశీలించే సమావేశం) నాటికి ఘోస్ట్ లెక్క సగటు విలువలతో కాకుండా ఆ అంకెలతో చేసి చూపించాలి.

స్ట్రే లైట్ షరతును ఇదివరకు "సిగ్నల్‌లో ఇంత శాతం లోపు" అని ఒకే వాక్యంలో రాసేవాళ్లు. మా పరికరం దృశ్య ఛానల్‌లో ఆ వాక్యానికి దాదాపు సరిపోయింది కూడా. మేఘం పక్కన నగరం, 340 పక్కన 310 అనే రెండు దృశ్యాలకు విడివిడిగా, వాయువులో ఎంత తప్పు వరకు ఒప్పుకోవచ్చో చెప్పేలా షరతు మార్చాం. రెండు బల్లల ఒప్పందం నమూనాను ఇప్పుడు కాంట్రాక్టు సంతకం రోజే జత చేస్తున్నాం. గొడవ మొదలయ్యాక దాన్ని ఒప్పించడానికి చాలా సమయం పడుతుంది.

లేజర్ క్యాలిబ్రేషన్‌ను మేము ఒకే ఉష్ణోగ్రత దగ్గర చేశాం, గడువు అంతే ఇచ్చింది. కక్ష్యలో బెంచీ ఉష్ణోగ్రత ఆ విలువకు దగ్గరగా నిలబడినంతకాలం దిద్దుబాటు పట్టికలు సరిగ్గానే పనిచేస్తాయి. హీటర్లలో ఏదైనా ఆగిపోతే ఏం చేయాలన్నది ఆపరేషన్స్ టీమ్‌కు ఇచ్చిన పత్రంలో రాశాం: ఆ రోజుల డేటాకు మేఘం అంచుల దగ్గర హెచ్చరిక జెండా పెట్టాలి. కొత్త పరికరానికి రెండు ఉష్ణోగ్రతల దగ్గర లేజర్ కొలతలు మొదటి షెడ్యూలులోనే పెట్టాం.